బ్రేకులు మార్చాక వచ్చే శబ్దం: వేగంతో మారేదేది, మారనిదేది?

భిలాయి టౌన్‌షిప్‌లో పనిముట్ల పెట్టె లేని ఇల్లు అరుదు. ఉక్కు కర్మాగారంలో ఫిట్టర్‌గానో, మెషినిస్టుగానో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి కారుకు బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి మెకానిక్ కోసం ఎదురుచూడడు. ఆదివారం పొద్దున్నే క్వార్టర్ ముందు జాకీ వేసి, చక్రం విప్పి, పాత ప్యాడ్లు తీసి, కొత్తవి పెట్టేస్తాడు. రెండు గంటల పని. చిక్కంతా ఆ తర్వాతే. వీధి చివర మలుపులో పెడల్ నొక్కగానే చక్రం దగ్గర కీచుమంటుంది. వెనక సీట్లోంచి “ఏటి మావయ్యా ఆ సౌండు?” అని మేనల్లుడు అడుగుతాడు. “కొత్త ప్యాడ్లు కదరా, సర్దుకుంటాయిలే” అని జవాబు వస్తుంది.

ఆ జవాబు చాలాసార్లు సరైనదే. కొన్నిసార్లు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

ఎందుకంటే ఈ ఊళ్లో కార్లు సివిక్ సెంటర్‌కూ, పవర్ హౌస్ బజారుకూ వెళ్లి వచ్చి ఊరుకోవు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచీ ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు ఇక్కడికి వచ్చి స్థిరపడుతూనే ఉన్నారు. సంక్రాంతికో, పెళ్లికో విజయనగరం, శ్రీకాకుళం వైపు కారులో బయలుదేరితే ధమ్తరి, కాంకేర్ దాటాక కేశకాల్ ఘాట్ ఎక్కాలి. జగదల్‌పూర్, కోరాపుట్ దాటాక సుంకి మీదుగా సాలూరుకు దిగాలి. ఎక్కేటప్పుడు ఇంజనుకు పని, దిగేటప్పుడు బ్రేకులకు పని. ఆదివారం ప్యాడ్లు మార్చి, శుక్రవారం ఘాట్ దిగబోయే మనిషికి ఆ శబ్దం ఏమిటో తెలియడం అవసరం.

ఏ శబ్దాన్ని భరించవచ్చో, ఏది వినగానే కారు పక్కన ఆపాలో చెప్పడానికి భౌతికశాస్త్రం ఒక సులువైన దారి చూపిస్తుంది. ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పెడల్ నొక్కినప్పుడే వస్తోందా, నొక్కకపోయినా వస్తోందా? కారు వేగం పెరిగితే శబ్దం స్థాయి, అంటే దాని శ్రుతి, మారుతోందా, లేక అదే శ్రుతిలో నిలబడుతోందా? రెండో ప్రశ్న చాలామందికి తట్టదు. అసలు గుట్టు అందులోనే ఉంది.

కమాను, తీగ, డిస్క్

బరువైన ఇనప బీరువాను గచ్చు మీద నెడితే అది మెత్తగా జారదు. కాసేపు పట్టుకుంటుంది, ఒక్కసారిగా జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. నిలబడి ఉన్న వస్తువును కదిలించడానికి కావలసిన బలం ఎక్కువ, కదులుతున్నదాన్ని కదిలిస్తూ ఉండడానికి కావలసినది తక్కువ కావడమే ఇందుకు కారణం. పాఠ్యపుస్తకాల్లో స్థైతిక ఘర్షణ, గతిక ఘర్షణ అని చదువుకున్నది ఇదే. పట్టు, జారుడు, పట్టు, జారుడు. ఈ వంతులాట సెకనుకు రెండు మూడుసార్లు జరిగితే బీరువా గుర్రుమంటుంది. వేలసార్లు జరిగితే చెవికి కీచుమని వినిపిస్తుంది.

వయొలిన్ మోగేదీ ఇలాగే. కమాను వెంట్రుకలకు పూసిన రోజనం తీగను పట్టుకుని కొంత దూరం లాగుతుంది, తీగ తెంపుకుని వెనక్కి జారుతుంది, మళ్లీ పట్టుబడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1860ల్లోనే ఈ కదలికను పరిశీలించి వివరించాడు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. కమానును వేగంగా లాగినా, నెమ్మదిగా లాగినా స్వరం మారదు, గట్టితనమే మారుతుంది. స్వరాన్ని నిర్ణయించేది తీగ పొడవు, బిగువు, బరువు. కమాను శక్తిని అందిస్తుంది, అంతే.

డిస్క్ బ్రేకులో కమాను స్థానంలో ప్యాడ్, తీగ స్థానంలో డిస్క్, ప్యాడ్, క్యాలిపర్ కలిసిన మొత్తం కూర్పు ఉంటాయి. ఆ కూర్పుకు తనవైన సహజ పౌనఃపున్యాలు ఉంటాయి. ఘర్షణ దాన్ని కదిలిస్తే ఆ పౌనఃపున్యాల్లోనే మోగుతుంది. బ్రేకుల కీచుమోత సాధారణంగా 1,000 నుంచి 16,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. కారు 40 కిలోమీటర్ల వేగం నుంచి 10కి తగ్గుతున్నా ఆ కీచు ఒకే శ్రుతిలో నిలబడిందంటే అది ఘర్షణ వాయిస్తున్న వయొలిన్ అన్నమాట.

పట్టు-జారుడు ఒక్కటే కథ మొత్తం కాదు. ఘర్షణ గుణకం ఏమాత్రం మారకపోయినా బ్రేకు మోగగలదు. డిస్క్ ముందుకూ వెనక్కూ వంగే కంపనం ఒకటి, ప్యాడ్ పక్కలకు ఊగే కంపనం ఒకటి. ఈ రెంటి పౌనఃపున్యాలు దగ్గరగా వచ్చినప్పుడు ఘర్షణ బలం ఒకదాని శక్తిని రెండోదానికి అందించి, రెంటినీ కలిపి పెంచేస్తుంది. అందుకే ఒకే కంపెనీ ప్యాడ్లు ఒక కారులో నోరు మెదపవు, పక్క కారులో ఊరంతా వినిపిస్తాయి. మెకానిక్‌ను తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

సమస్య కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. అతను వాడిన రాగి ప్యాడ్లు లోహపు డిస్క్ మీద పెట్టిన రొద భరించరానిదిగా ఉండేది.

బడిగంట ఎందుకు మోగుతుంది, డిస్క్ ఎందుకు మోగకూడదు

తెలుగు పల్లెల్లో చాలా బళ్లకు గంట అంటే చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే. కొడితే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. పట్టా ఉక్కులో కార్బన్ ఒక శాతం కూడా ఉండదు, లోపల కంపనాన్ని మింగేది ఏదీ లేదు. భిలాయి కర్మాగారం దేశమంతటి రైళ్లకు తయారుచేసే సరుకు ఇదే. రైలు పదునైన మలుపు తిరిగేటప్పుడు వచ్చే చెవులు చిల్లులుపడే కీచు కూడా బ్రేకుల కీచుకు అన్నదమ్ముడే. బోగీలో ఇరుసులు బిగించి ఉండడంతో చక్రం మలుపులో కాస్త పక్కకు జారక తప్పదు. ఆ జారుడు పట్టు-జారుడుగా మారి ఉక్కు చక్రాన్ని గంటలా మోగిస్తుంది.

కారు డిస్క్‌ను ఉక్కుతో చేస్తే అదీ అలాగే మోగుతుంది. అందుకే దాదాపు అన్ని మామూలు కార్లలో డిస్క్‌ను బూడిదరంగు పోత ఇనుముతో చేస్తారు. అందులో కార్బన్ సుమారు మూడు శాతానికి పైగా ఉంటుంది. అది ఇనుములో సన్నని గ్రాఫైట్ రేకులుగా విడిపోయి ఉంటుంది. డిస్క్ కంపించినప్పుడు ఈ మెత్తని రేకుల దగ్గర శక్తి వేడిగా మారిపోతుంది. పోత ఇనప డిస్క్‌ను సుత్తితో తడితే పట్టా ముక్కలా ఖంగుమనదు, పొట్టిగా మోగి ఆగిపోతుంది. వేడిని త్వరగా పంచుకునే గుణం కూడా దానికి ఉంది.

ప్యాడ్ వెనక అతికించే పలుచని షిమ్ చేసే పనీ ఇదే. రెండు పలుచని రేకుల మధ్య రబ్బరు వంటి పొర ఉంటుంది. చూడడానికి అనవసరమైన రేకు ముక్కలా కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో పనిచేసేటప్పుడు పాత ప్యాడ్‌తో పాటు చెత్తలోకి వెళ్లిపోతుంది. ఆ సాయంత్రం నుంచి కీచు మొదలవుతుంది. బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదు. కానీ తప్పు దొరికింది.

పెడల్ నొక్కినప్పుడే వచ్చి, శ్రుతి మారని కీచుకు మిగతా కారణాలూ ఈ కోవలోనివే. కొత్త ప్యాడ్ ఉపరితలం డిస్క్ మీద ఇంకా సమంగా కూర్చోకపోవడం మొదటిది. క్యాలిపర్ జారే పిన్నులకు గ్రీజు లేకపోవడం, ప్యాడ్ వీపు క్యాలిపర్‌ను తాకే చోట పొడిగా ఉండడం మరొకటి. ఈ చోట్లకు వేడిని తట్టుకునే బ్రేక్ గ్రీజు మాత్రమే వాడాలి. చక్రాల బేరింగులకు వాడే మామూలు గ్రీజు వేడికి కరిగి కారుతుంది. ప్యాడ్ ముఖం మీద, డిస్క్ మీద చుక్క గ్రీజు కూడా పడకూడదు. పడితే శబ్దం తగ్గుతుంది, దానితో పాటు బ్రేకూ తగ్గుతుంది.

వానాకాలం సంగతి వేరు. రాత్రంతా క్వార్టర్ బయట తడిసిన కారు డిస్క్ మీద పొద్దుటికి పలుచగా ఎర్రని తుప్పు పట్టి ఉంటుంది. మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమని, తర్వాత మాయమైతే దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

చక్రం లెక్క

ఇప్పుడు రెండో జాతి శబ్దాలు. వీటి లయ కారు వేగంతో పెరుగుతుంది, తగ్గుతుంది. అంటే ఇవి చక్రం చుట్టుతో ముడిపడి ఉన్నాయి. డిస్క్ ఒక చుట్టు తిరిగినప్పుడు ఒకసారి ఏదో దేనికో తగులుతోంది.

దీనికి చిన్న లెక్క ఉంది. 13 అంగుళాల రిమ్ము మీద 155/80 టైరు ఉన్న చిన్న కారు చక్రం చుట్టుకొలత దాదాపు 1.8 మీటర్లు. గంటకు కిలోమీటర్లలో ఉన్న వేగాన్ని 6.5తో భాగిస్తే సెకనుకు ఎన్ని చుట్లో వస్తుంది. 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు మూడు, 40లో ఆరు, 80లో పన్నెండు. ‘టిక్, టిక్, టిక్’ అనే శబ్దం 20 వేగంలో సెకనుకు మూడుసార్లు, 40లో ఆరుసార్లు వస్తే అది చక్రం చుట్టుదే, సందేహం లేదు. సెకనుకు ఆరంటే చెవితో లెక్కపెట్టలేం. నెమ్మదిగా నడిపి 10, 15, 20 వేగాల్లో వినడం మంచిది.

పెడల్ నొక్కకపోయినా, చుట్టుకొకసారి వచ్చే సన్నని గీత శబ్దానికి తరచూ కారణం డిస్క్ వెనక ఉండే పలుచని రేకు. చక్రం విప్పేటప్పుడు, క్యాలిపర్ తీసేటప్పుడు చేతికో, పనిముట్టుకో తగిలి వంగి డిస్క్‌ను రాసుకుంటుంది. కారు చల్లారాక చేత్తో కాస్త వెనక్కి వంచితే పోతుంది. ఆ రేకుకూ డిస్క్‌కూ మధ్య ఇరుక్కున్న చిన్న రాయి అయితే ఇంతకంటే ఘోరంగా వినిపిస్తుంది. మరో కారణం పాత డిస్క్ అంచున ఏర్పడే తుప్పు గట్టు. పాత ప్యాడ్లు ఏళ్ల తరబడి అరగదీసిన చోటుకు వెలుపల గట్టు మిగిలిపోతుంది. కొత్త ప్యాడ్ ఆ గట్టును తాకుతుంది.

ప్యాడ్ అరిగిపోయిందని హెచ్చరించే చిన్న ఉక్కు నాలుక కొన్ని ప్యాడ్లకు ఉంటుంది. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ తారుమారైనా, ఆ నాలుక వంగినా కొత్త ప్యాడ్ కూడా అరిగిపోయినట్టు అరుస్తుంది. పెడల్ నొక్కితే ఈ శబ్దం ఆగిపోవడమో, మారడమో చాలా కార్లలో జరుగుతుంది. ఇది మంచి ఆనవాలు.

బ్రేకు నొక్కినప్పుడు స్టీరింగ్ వణకడం కూడా ఈ జాతిదే. 80 వేగంలో సెకనుకు పన్నెండుసార్లు వణుకు, వేగం తగ్గుతున్నకొద్దీ లయ తగ్గుతుంది. డిస్క్ మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే, లేదా డిస్క్ నిటారుగా కూర్చోకపోతే ఇలా అవుతుంది. ఇంట్లో చేసిన పనిలో దీనికి అనుమానించవలసింది రెండు. ఒకటి, హబ్‌కూ డిస్క్‌కూ మధ్య తుప్పు పొడి తుడవకుండా బిగించడం. రెండోది, చక్రం నట్లు. 40 సెంటీమీటర్ల పొడవున్న వీల్ స్పానర్ చివర 25 కిలోల బరువుతో నొక్కితే సుమారు 100 న్యూటన్-మీటర్ల బిగువు వస్తుంది. చిన్న కార్లకు కావలసింది ఆ చుట్టుపక్కలే, కచ్చితమైన అంకె బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. 60 కిలోల మనిషి స్పానర్ మీదికెక్కి నిలబడితే ఆ బిగువు 235 దాటుతుంది. ఒక నట్టుకు వంద, పక్కదానికి రెండువందలు పడితే డిస్క్ కూర్చునే తీరే మారిపోతుంది. కర్మాగారంలో టార్క్ రెంచ్ లేనిదే బోల్టు ముట్టని మనిషి కూడా సొంత కారు దగ్గరకు వచ్చేసరికి కాలితో తొక్కడం చిత్రమైన అలవాటు.

ఇక పెడల్‌తో ఏ సంబంధమూ లేకుండా, వేగంతో పాటు శ్రుతి కూడా పెరుగుతూ పోయే ‘హూ...’ అనే ఊళ. ఇది బ్రేకుది కాదు, చక్రం బేరింగుదో, టైరుదో అయి ఉంటుంది. మలుపులో బరువు ఒక వైపుకు మళ్లినప్పుడు ఊళ పెరగడమో తగ్గడమో జరిగితే బేరింగును అనుమానించాలి. ప్యాడ్లు మార్చిన రోజే కనిపెట్టారు కాబట్టి ప్యాడ్లదే తప్పు అనుకోవడం సహజం. నిజానికి ఆ రోజు చెవి ఎక్కువ శ్రద్ధగా విన్నది, అంతే.

వినడానికి ఒక పద్ధతి

ఖాళీ రోడ్డులో, పొడవైన ప్రహరీ గోడ పక్కన అద్దాలు దించి 15, 20 వేగంలో నడిపితే శబ్దం గోడకు తగిలి తిరిగి వస్తుంది. గోడ ఎడమ పక్క ఉన్నప్పుడు బాగా వినిపిస్తే ఎడమ చక్రాలది. తిరిగి వచ్చేటప్పుడు కుడి పక్క సంగతి తేలుతుంది.

ఇంకాస్త కచ్చితంగా కావాలంటే ఫోన్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో ధ్వని వర్ణపటం చూపించే ప్రయోగం ఉంది. పక్క సీట్లో కూర్చున్నవారు దాన్ని తెరిచి పట్టుకోవాలి, నడిపేవారు కాదు. 20 వేగంలో బ్రేకు నొక్కినప్పుడు వర్ణపటంలో 2,400 హెర్ట్జ్ దగ్గర శిఖరం కనిపించిందనుకుందాం. 40 వేగంలోనూ అక్కడే కనిపిస్తే అది ఘర్షణ కీచు. వేగంతో పాటు శిఖరం జరుగుతూ పోతే తిరిగే భాగాన్ని వెతకాలి. ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో అనునాదం పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగం దొరకదు.

ఆపవలసిన శబ్దాలు

ఇనుము మీద ఇనుము గీసినట్టు కర్కశంగా, పెడల్ నొక్కగానే పెరిగే గర్జనకు ఒకటే అర్థం. ఘర్షణ పదార్థం డిస్క్‌ను తాకడం లేదు, దాని వెనక ఉన్న ఉక్కు పలక తాకుతోంది. వినడానికి నమ్మశక్యం కాకపోయినా, ప్యాడ్‌ను తిరగేసి పెట్టే పొరపాటు కొత్తవాళ్ల చేతుల్లో జరుగుతుంటుంది. అక్కడికక్కడే ఆపాలి.

బ్రేకు నొక్కగానే ‘టక్’మని ఒకే ఒక్క దెబ్బ వినిపించడం రెండోది. రివర్స్ చేసి మళ్లీ ముందుకు వెళ్లినప్పుడు మాత్రమే ఒకసారి వస్తే ప్యాడ్లు తమ గూట్లో కాస్త జరుగుతున్నాయని అర్థం. పట్టి ఉంచే క్లిప్పులు మరిచిపోయారేమో చూడాలి. ప్రతి బ్రేకుకూ వస్తే క్యాలిపర్ బోల్టు వదులై ఉండవచ్చు. బోల్టు ఊడితే క్యాలిపర్ చక్రానికి అడ్డం పడుతుంది. ఇందులో వేచి చూడడానికి ఏమీ లేదు.

శబ్దం లేని ప్రమాదాలు కూడా ఉన్నాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్‌ను వెనక్కి నెడతారు కాబట్టి, మొదటిసారి నొక్కినప్పుడు పెడల్ నేలదాకా దిగిపోతుంది. బండి కదిలించక ముందే పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. నాలుగు కిలోమీటర్లు నడిపాక ఒక చక్రం దగ్గర మాత్రం వేడి సెగ, కాలిన వాసన వస్తే ఆ క్యాలిపర్ పట్టేసి వదలడం లేదు. చెయ్యి దగ్గర పెట్టి చూడవచ్చు, డిస్క్‌ను ముట్టుకోకూడదు.

పాత ప్యాడ్ల, లైనర్ల పొడిని నోటితో ఊదడం, గాలిపంపుతో కొట్టడం మానాలి. పాతకాలపు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్‌కు దారితీస్తుంది. తడిగుడ్డతో తుడవడమే పద్ధతి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కింద తల పెట్టకూడదన్నది కర్మాగారం మనుషులకు చెప్పనక్కర్లేదు. ఇటుకలు స్టాండు కావన్నది మాత్రం చెప్పాలి.

ఘాట్ ముందు

60 వేగంలో ఉన్న 1,200 కిలోల కారును ఆపితే సుమారు 1.67 లక్షల జౌళ్ల గతిజశక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు చక్రాలకు చేరి, ఒక్కో డిస్క్ నాలుగు కిలోలుంటే వాటి ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది. ఒక్కసారి ఆపితే ఇది. అదే కారు 600 మీటర్ల ఎత్తు దిగితే వదలవలసిన స్థితిజశక్తి సుమారు 70 లక్షల జౌళ్లు. 60 వేగం నుంచి నలభై రెండుసార్లు ఆపినంత. 24 లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి. గాలి నిరోధం కొంత తీసుకుంటుంది. రెండో గేరులోనో, మూడో గేరులోనో దిగితే ఇంజను చాలా భాగం పంచుకుంటుంది. మిగిలినదంతా ప్యాడ్ల మీద పడుతుంది.

బ్రేక్ ఆయిల్ ఈ వేడికి మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తబడిపోతుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమను పీల్చుకున్న పాత ఆయిల్‌కు ప్రమాణాలు కోరే కనీస హద్దు 140 డిగ్రీలే. ప్యాడ్లు మార్చిన మనిషి ఆయిల్ ఎప్పుడు మార్చాడో గుర్తు చేసుకోవడం అందుకే అవసరం.

కొత్త ప్యాడ్లను నేరుగా ఘాట్ మీదికి తీసుకెళ్లకూడదు. ఖాళీ రోడ్డులో 50 వేగం నుంచి 15 దాకా మెల్లగా, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పది పన్నెండుసార్లు బ్రేకు వేయాలి. ప్యాడ్ తయారీదారు వేరే పద్ధతి చెబితే అదే పాటించాలి. దీనివల్ల ప్యాడ్ పదార్థం డిస్క్ మీద పలుచని సమమైన పొరగా పరుచుకుంటుంది. కీచు చాలా కార్లలో ఇక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత నాలుగైదు రోజులు ఊళ్లోనే తిప్పి, వందలోపు కిలోమీటర్లకు చక్రం నట్లు ఒకసారి మళ్లీ చూసి, అప్పటికీ శబ్దం ఉంటే పైన చెప్పిన రెండు ప్రశ్నలతో మెకానిక్ దగ్గరకు వెళ్లవచ్చు. ‘ఏదో సౌండు వస్తోంది’ అనడం కంటే ‘బ్రేకు వేయకపోయినా వస్తోంది, 20లో సెకనుకు మూడుసార్లు, ఎడమ ముందు చక్రం’ అని చెబితే అతను విప్పవలసిన చక్రం ఒక్కటే అవుతుంది.